ముందు వాల్యూమ్ సమం చేయండి, ఆ తర్వాతే మార్కులు వేయండి: హెవీ మ్యూజిక్ మిక్సింగ్ పోటీల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు నమస్కారం.

ఒకే పాట ట్రాక్‌లను (విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలు, గొంతులు) అందరికీ ఇచ్చి, ఎవరి మిక్స్ (వాటిని కలిపి తయారుచేసిన పాట) బాగుందో తేల్చే పోటీలు మీరు నడుపుతున్నారు. డ్రమ్ కిట్ చుట్టూ పది పన్నెండు మైకులు పెట్టి రికార్డు చేసిన మెటల్ ట్రాక్‌లు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నేర్చుకునేవాళ్ల చేతికి రావడం మామూలుగా జరిగే పని కాదు. అది మీ వల్ల జరుగుతోంది, సంతోషం. ఇక విషయానికి వస్తాం.

గత ఫలితాల తర్వాత రెండుసార్లు మెయిల్ పెట్టాం. ఎంట్రీలను ఏ పద్ధతిలో విన్నారు, దేనికి ఎన్ని మార్కులు, డ్రమ్ శాంపిల్స్ (విడిగా రికార్డు చేసి ఉంచిన దెబ్బలు) వాడొచ్చా లేదా అని మూడే ప్రశ్నలు అడిగాం. మొదటి మెయిల్‌కు జవాబు లేదు. రెండోదానికి "న్యాయనిర్ణేతల నిర్ణయమే తుది నిర్ణయం" అన్న ఒక్క ముక్క వచ్చింది. తుది నిర్ణయం మీదేనని మేమూ ఒప్పుకుంటాం, ఎవరి బహుమతీ వెనక్కి తీసుకోమనడం లేదు. నిర్ణయానికి ముందు మీ స్పీకర్లలో ఏం మోగింది, ఎంత గట్టిగా మోగింది అన్నదే మా బాధ. ఇది ఒక్క పోటీలో ఉన్న లోపం కాదు కాబట్టి ఎవరి పేరూ పెట్టకుండా, ఇలాంటి పోటీలు నడిపే అందరికీ కలిపి రాస్తున్నాం.

అసలు తంటా ఇది. వచ్చిన ఫైళ్లను వచ్చినట్టే ప్లేయర్లో వేసి ఒకదాని వెంట ఒకటి వింటున్నారు. ఒకరి మిక్స్ కోరస్‌లో (పల్లవిలా తిరిగి వచ్చే భాగంలో) మైనస్ 13 లఫ్స్ దగ్గర ఉందనుకోండి, ఇంకొకరిది మైనస్ 7. లఫ్స్ అంటే వినికిడి గట్టిదనానికి కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టిగా ఉన్నట్టు. తేడా 6 డీబీ (డెసిబెల్స్), అంటే సిగ్నల్ ఎత్తులో రెండింతలు. శబ్దం పెరిగేకొద్దీ మన చెవికి అడుగు బేస్, పై మెరుపు ఎక్కువగా అందుతాయి. ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు. కాబట్టి రెండో మిక్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బలంగా, సింబల్స్ (లోహపు తాళాలు) తళతళలాడుతూ వినిపిస్తాయి. ఆ బలం మిక్స్ చేసినవాడి పనితనం వల్ల వచ్చింది కాదు, వాల్యూమ్ వల్ల వచ్చింది. తేడా ఒక్క డీబీయే అయితే ఇంకా ప్రమాదం: "ఇది గట్టిగా ఉంది" అని పోల్చుకోలేం, "ఇదేదో బాగుంది" అనిపిస్తుంది. సంతలో తక్కెడకు పాసంగం చూడకుండా తూచేవాడి దగ్గర మనం చింతపండు కూడా కొనం.

ఆ మైనస్ 7 ఎలా వచ్చిందో కూడా చూడాలి. మెటల్ పాటలో గిటార్లు గోడలా నిలబడతాయి. ఆ గోడ మీదుగా తల ఎత్తేది స్నేర్ డ్రమ్ దెబ్బ మొదటి కొన్ని మిల్లీసెకన్లే. లిమిటర్ (హద్దు దాటిన శబ్దాన్ని నొక్కి, మొత్తం పాటను గట్టిగా చేయనిచ్చే సాధనం) అడ్డంగా కోసేది ముందు దాన్నే. ఆరేడు డీబీలు కోసాక "ఠప్" మనాల్సిన స్నేర్ "తప్" మంటుంది. రెండో దెబ్బ కోరస్ మీద పడుతుంది. వెర్స్‌లో (చరణంలో) రెండు గిటార్లు, ఒక గొంతు ఉంటే కోరస్‌లో నాలుగు గిటార్లు, గొంతు పొరలు, క్రాష్ సింబల్స్ అన్నీ ఒక్కసారి వస్తాయి. అప్పటికే పైకప్పుకు తగులుతున్న లిమిటర్ అన్నిటినీ కలిపి కిందికి నొక్కుతుంది. విచ్చుకోవాల్సిన కోరస్ ముడుచుకుపోతుంది. వాల్యూమ్ సమం చేసి వింటే ఇది పది సెకన్లలో బయటపడుతుంది. సమం చేయకపోతే ఆ మిక్సే మొదటి బహుమతి కొడుతుంది.

నష్టపోయేది ఓడినవాడొక్కడే అయితే ఇంత లేఖ రాసేవాళ్లం కాదు. గెలిచిన మిక్స్‌ను చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు. తర్వాతి పోటీకి అందరూ లిమిటర్‌ను ఇంకాస్త తొక్కుతారు. రేపు ఊళ్లో ఏదో కుర్ర బ్యాండ్ దాచుకున్న డబ్బుతో రికార్డు చేసుకున్న పాటను వీళ్లకే ఇస్తుంది. వీళ్లు దాన్ని మైనస్ 7కి తొక్కి ఇస్తారు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటను మైనస్ 14 దగ్గరికి దించి వినిపిస్తుంది. గట్టిదనం 7 డీబీ పోతుంది, నలిగిన స్నేర్ నలిగినట్టే ఉంటుంది. 2008లో మెటాలికా ఆల్బమ్ "డెత్ మాగ్నెటిక్" వచ్చినప్పుడు ఇంజనీర్లకన్నా ముందు మామూలు శ్రోతలే గొడవ చేశారు, సీడీలో నలిగిపోయిన పాటలే గిటార్ హీరో గేమ్‌లో శుభ్రంగా వినిపిస్తున్నాయని. వినేవాళ్లకు తెలియదనుకోవద్దు.

అందుకని తర్వాతి పోటీ ట్రాక్‌లు విడుదల చేసేలోపు ఈ మార్పులు చేయాలని కోరుతున్నాం.

1. ప్రతి ఎంట్రీ లౌడ్‌నెస్‌ను కొలిచి, సమం చేశాకే వినాలి.

పని చిన్నదే. అందరూ వాడే బీఎస్ 1770 అనే అంతర్జాతీయ లౌడ్‌నెస్ కొలత ఉండనే ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ఉచిత సాధనంతో 150 ఫైళ్లనైనా ఒకే ఆదేశంతో వరుసగా కొలిపించవచ్చు. అయితే మొత్తం పాట సగటు తీసుకోవద్దు. క్లీన్ గిటార్ ఇంట్రోను ఎవరు ఎంత తగ్గించారన్నదాన్ని బట్టి సగటు మారిపోయి, కోరస్‌లు సమానంగా మోగవు. అందరిదీ ఒకే చోట, కోరస్‌లో 30 సెకన్లు కత్తిరించి కొలవండి. అన్నిటికన్నా తక్కువ శబ్దం ఉన్న ఎంట్రీ దగ్గరికి మిగతావాటిని ఫేడర్‌తో (వాల్యూమ్ మీటతో) దించండి. నెమ్మదిగా ఉన్నదాన్ని లిమిటర్ పెట్టి లేపొద్దు, అది మీరే ఆ మిక్స్‌ను చెడగొట్టడం అవుతుంది.

ఒక మెలిక ఉంది. ఈ మీటర్ బాగా అడుగున ఉన్న సబ్‌ను (అన్నిటికన్నా కింది బేస్‌ను) చెవి విన్నట్టే కొలవదు. సబ్ దట్టంగా ఉన్న మిక్స్ అంకెల్లో సమానమైనా గదిలో వేరుగా మోగవచ్చు. కాబట్టి చివర్లో అర డీబీ అటూ ఇటూ చెవితో సరిచేయడం తప్పు కాదు, కానీ ఆ పని న్యాయనిర్ణేత కాకుండా వేరేవాళ్లు చేయాలి. స్పీకర్ల నాబ్ ఒకసారి పెట్టాక దాని మీద టేపు ముక్క అంటించండి. చిన్న గదిలో సౌండ్ మీటర్ సీ వెయిటింగ్ సెట్టింగు మీద 76 నుంచి 80 డీబీ మధ్య చాలు. నచ్చిన మిక్స్ వచ్చినప్పుడు చెయ్యి తనంతట తానే నాబ్ మీదికి పోతుంది, టేపు అందుకే.

ఒక్కొక్కరి దగ్గర ఒకే ఫైల్ తీసుకోండి: లిమిటర్, క్లిప్పర్ (శబ్దపు కొనలను కోసేసేది) తీసేసి, పీక్ (అన్నిటికన్నా ఎత్తైన చోటు) మైనస్ 6 నుంచి మైనస్ 3 డీబీ మధ్య ఉన్న 24 బిట్ వేవ్. మాస్టర్ బస్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి దారి) మీద కంప్రెసర్ (గట్టి, నెమ్మది శబ్దాల మధ్య తేడా తగ్గించేది) పెట్టుకుని అందులోకే మిక్స్ చేసేవాళ్లుంటారు. దాన్ని కూడా తీయమనొద్దు, తీస్తే బ్యాలెన్సే మారిపోతుంది. మీరు పెట్టింది మిక్సింగ్ పోటీ, మాస్టరింగ్ (పూర్తయిన మిక్స్‌కు చివరి మెరుగులు దిద్దడం) పోటీ కాదు.

2. ఏ సెకన్లు వింటారో ముందే రాసుకుని, అందరివీ అవే వినాలి.

మొదటి 30 సెకన్లు విని పక్కన పెట్టేయడం ఈ సంగీతంలో కుదరదు. లెక్క చూడండి. 180 బీపీఎం (నిమిషానికి 180 తాళపు దెబ్బలు) వేగంలో పదహారో నోట్ల (ఒక్కో తాళపు దెబ్బకు నాలుగు) మీద డబుల్ కిక్ పడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య 83 మిల్లీసెకన్లే. కిక్ తోక 120 మిల్లీసెకన్లు ఉంటే మొదటి దెబ్బ ఆరకముందే రెండోది పడుతుంది. అడుగున దెబ్బలు వినపడవు, ఒకటే గురగుర. అదే కిక్ నెమ్మదిగా నడిచే బ్రేక్‌డౌన్‌లో గోడలు కదిలేలా మోగుతుంది. బ్రేక్‌డౌన్ మాత్రమే విన్నవారు దానికి పదికి తొమ్మిది వేస్తారు, వేగంగా సాగే వెర్స్ విన్నవారు మూడు వేస్తారు. ఇద్దరూ నిజాయతీపరులే.

వేగంగా కిక్ పడే చోట 20 సెకన్లు, బ్రేక్‌డౌన్ 20, గొంతుతో కూడిన కోరస్ 30, నెమ్మది నుంచి గట్టిగా మారే చోట 20. మొత్తం 90 సెకన్లు. 150 ఎంట్రీలకు 225 నిమిషాలు, అంటే మూడు గంటల ముప్పావు. టైమ్ లేదన్న మాట ఇక్కడ చెల్లదు. పది ఎంట్రీలకోసారి లేచి బయట నిలబడండి. రెండో రౌండుకు 15 మంది మిగిలితే, నాలుగు నిమిషాల పాటను పూర్తిగా రెండేసిసార్లు వినడానికి రెండు గంటలు పడుతుంది.

3. పేర్లు కనిపించకూడదు.

ఫైల్ పేరులో, ఫైల్ లోపలి ట్యాగుల్లో పేరు ఉండకూడదు. అంకె ఒక్కటే ఉండాలి. వరుస ఒక్కో న్యాయనిర్ణేతకు ఒక్కోలా కలపాలి. దుమ్ము రేపిన మిక్స్ వెనుక వచ్చినది పాపం ఎప్పుడూ చప్పగానే వినిపిస్తుంది, ఆ శాపం అందరి దగ్గరా ఒకే ఎంట్రీకి తగలకూడదు.

మధ్యలో రెండు దొంగ ఫైళ్లు పెట్టండి. ఒకటి ఏ ప్లగిన్ వేయకుండా ఫేడర్లు మాత్రమే సర్ది దించిన రఫ్ మిక్స్. రెండోది, అప్పటికే విన్న ఎంట్రీ ఇంకో నంబరుతో. ఆడియో పరీక్షల్లో, ఉదాహరణకు బీఎస్ 1534 పద్ధతిలో, దాచిపెట్టిన ఫైళ్లతో వినేవాళ్లను పరీక్షించడం మామూలే. ఒకే ఫైల్‌కు పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం అయిదు వేశారంటే ఆ పూట మార్కులు పక్కన పెట్టి మర్నాడు మళ్లీ వినాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు, చెవి అలిసిపోతుంది. తన దగ్గర కోర్సు చేసినవారి ఎంట్రీ ఉన్నవారు, తాను అమ్మే ప్రీసెట్ల (ముందే సిద్ధం చేసిన సెట్టింగుల) వాసన తగిలినవారు ఆ ఎంట్రీకి మార్కులు వేయకుండా తప్పుకోవాలి.

4. మార్కుల పట్టిక ముందే ప్రకటించాలి.

మా సూచన: బ్యాలెన్స్ 30, కిక్, బేస్ కలిసే అడుగు భాగం 20, డ్రమ్స్ 15, గిటార్లు 15, గొంతు 10, పాట నడకకు తగ్గ ఆటోమేషన్ (పాట సాగేకొద్దీ వాల్యూమ్ లాంటివి మార్చడం) 10. అంకెలు మీ ఇష్టం, కానీ ఉండాలి. "పంచ్ లేదు", "మడ్డీగా ఉంది" అన్న మాటల బదులు వెతకాల్సిన తప్పులు కొన్ని కింద రాస్తున్నాం.

స్నేర్ సన్నగా ఉంటే కారణం ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు మార్చే సాధనం) కాకపోవచ్చు. కలిపిన శాంపిల్ అసలు దెబ్బకన్నా ఒక్క మిల్లీసెకను ఆలస్యంగా పడితే, రెండూ సమానంగా ఉన్నప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ తర్వాత ఈక్యూలో ఎంత లేపినా పోయిన చోట ఏమీ రాదు. గిటార్ క్యాబినెట్ ముందు రెండు మైకుల దూరంలో 34 సెంటీమీటర్ల తేడా ఉన్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ధ్వనికి ఆ దూరం ఒక మిల్లీసెకను. దీన్ని పట్టి, ట్రాక్‌ను జరిపి సరిచేసినవాడికి మార్కు పడాలి. ఇలాంటి పని మెరుపులా కనిపించదు, పట్టిక లేకపోతే దాన్ని ఎవరూ గమనించరు.

మోనో బటన్ (రెండు స్పీకర్ల శబ్దాన్నీ ఒక్కటిగా కలిపేది) ఒకసారి నొక్కండి. ఒకే గిటార్ టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ను) కాపీ చేసి, 15 మిల్లీసెకన్లు జరిపి, అటొకటి ఇటొకటి పెట్టినవారి గిటార్లు మోనోలో డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు అయిపోతాయి. రెండు వేర్వేరు టేకులు పెట్టినవారివి కాస్త తగ్గుతాయి తప్ప రూపు చెడవు. మీరు ఇచ్చిన ట్రాక్‌లలో రెండు టేకులు ఉండగా కాపీ చేశారంటే అది గిటార్ల మార్కుల్లో కనిపించాలి.

డ్రమ్స్‌లో, కిక్‌ను మొత్తం ఒకే శాంపిల్‌తో మార్చేస్తే ప్రతి దెబ్బా అచ్చుగుద్దినట్టు ఉండి మిషన్‌గన్ మోత వస్తుంది. స్నేర్‌ను మార్చేటప్పుడు డ్రమ్మర్ నెమ్మదిగా తాకిన ఘోస్ట్ నోట్లు మాయమవుతాయి. టామ్ డ్రమ్ గేట్ (దెబ్బ పడినప్పుడే మైకు శబ్దాన్ని వదిలే సాధనం) తెరుచుకున్నప్పుడల్లా వెనక సింబల్ ఉలిక్కిపడినట్టు పైకి లేస్తుంది. ఈ మూడూ హెడ్‌ఫోన్స్‌లో తేలిగ్గా దొరుకుతాయి.

అడుగు భాగానికి వస్తే, డ్రాప్ ఏ ట్యూనింగ్‌లో (లావు తీగను 'ఏ' స్వరానికి దించే శ్రుతిలో) గిటార్ లావు తీగ 55 హెర్ట్జ్, బేస్ గిటార్ అడుగు తీగ 27.5. ఆ అడుగు స్వరం మామూలు స్పీకర్లలో రానే రాదు. మనం వినేది 55, 82.5, 110 దగ్గర ఉన్న దాని అనుస్వరాలను. కిక్ బరువు కూడా ఆ 55, 60 దగ్గరే కూర్చోవాలని చూస్తుంది. అందుకే తెలిసినవాళ్లు బేస్‌ను రెండుగా చీల్చి, కింది భాగాన్ని శుభ్రంగా, కదలకుండా కంప్రెస్ చేసి, పై భాగానికి డిస్టార్షన్ పెడతారు. ఫోన్ స్పీకర్లో బేస్ లైన్ వినిపించిందా అన్నదే దానికి పరీక్ష. అయిదంగుళాల స్పీకర్ల ముందు కూర్చుని అడుగు భాగానికి 20 మార్కులు పంచడం మాత్రం న్యాయం కాదు, దానికి సబ్ గానీ మంచి హెడ్‌ఫోన్స్ గానీ పెట్టుకోండి.

గొంతు విషయంలో ఒక మాట. మన చెవులు సినిమా పాటకు అలవాటు పడ్డాయి: గాయకుడు ముందు వరుసలో, వాయిద్యాలు వెనక. మెటల్‌లో అరుపు గిటార్లతో భుజం కలిపి నిలబడుతుంది. సినిమా రికార్డింగ్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత "గొంతు వెనకబడింది" అని మార్కులు కోస్తే, ఆ కుర్రాడు తర్వాతి మిక్స్‌లో గొంతును బయటికి లాగి పాటను చెడగొట్టుకుంటాడు. ప్యానెల్లో ఈ సంగీతాన్ని రోజూ వినేవాళ్లు సగం మందైనా ఉండాలి.

5. ఏం వాడొచ్చో, ఏం వాడకూడదో నిబంధనల్లో ఉండాలి.

డ్రమ్ శాంపిల్స్, డీఐ ట్రాక్‌ను (యాంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా తీసిన రికార్డింగ్‌ను) వేరే యాంప్‌తో మళ్లీ దించడం, టైమింగ్ దిద్దడం, గొంతు శ్రుతి సరిచేయడం, కొత్త సింథ్‌లు కలపడం. ఒక్కోదాని పక్కన అవును లేదా కాదు అని రాయండి. ఇచ్చిన స్నేర్‌తోనే రాత్రుళ్లు కుస్తీ పట్టినవాడు, ఆ స్నేర్‌ను అవతల పారేసి కొన్న శాంపిల్ ప్యాక్‌తో వచ్చినవాడి చేతిలో ఓడిపోతే, మొదటివాడు చేసిన తప్పు నిబంధనలను నమ్మడమే. రెండు పద్ధతులూ ఈ రంగంలో ఉన్నవే, మాకు దేనిమీదా పగ లేదు. అన్నీ వాడొచ్చంటే డబ్బున్నవాడికి మొగ్గు ఉంటుంది కాబట్టి, పోటీ ఫోల్డర్‌లోనే కిక్‌కు, స్నేర్‌కు విడి దెబ్బలు కొన్ని రికార్డు చేసి పెట్టండి. డ్రమ్మర్‌కు పది నిమిషాల పని.

6. ట్రాక్‌ల ఫోల్డర్ సైజు తగ్గించాలి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగు నిమిషాల పాట, 60 ట్రాక్‌లు అంటే రెండు జీబీ దాటుతుంది. ఒక్క మైకుతో తీసిన కిక్‌ను కూడా స్టీరియోగా ఎగుమతి చేస్తే ఉన్నదే రెండుసార్లు రాసినట్టవుతుంది, ఫోల్డర్ నాలుగు జీబీలు అవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టుకుని దించుకునేవాళ్లకు అది రెండు మూడు రోజుల డేటా. మోనోను మోనోగానే ఇవ్వండి, ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్‌లో) ఇవ్వండి, అన్ని ఫైళ్లూ ఒకే క్షణం నుంచి మొదలవ్వాలి, టెంపో మ్యాప్ (పాట వేగం ఎక్కడెంతో చెప్పే) మిడి ఫైల్ తోడుగా పెట్టండి. "ఆడియో 37" అన్న పేర్లు వద్దు.

7. మార్కులు కూడేముందు ర్యాంకులుగా మార్చాలి.

ఒక న్యాయనిర్ణేత 3 నుంచి 9 దాకా వేస్తారు. ఇంకొకరు అందరికీ 7 లేదా 8 వేస్తారు. నేరుగా కూడితే విజేతను మొదటివారు ఒక్కరే ఎంచినట్టు, రెండోవారు అక్కడ కూర్చున్నా లేనట్టే. ఒక్కొక్కరి మార్కులను వారి వరుసలోనే ఒకటి, రెండు, మూడు స్థానాలుగా మార్చి, ఆ స్థానాలను కూడండి.

8. ఓట్లు, బహుమతి కలపొద్దు.

జనం ఓట్లకు వేరే బహుమతి పెట్టుకోండి. ఫాలోవర్లు ఎక్కువున్నవాడికి అది వస్తుంది, వచ్చినా తగువు లేదు. పంపిన మిక్స్‌లను మీ ప్రచారానికి వాడుకోవాలంటే విడిగా అనుమతి అడగండి.

9. ప్రతి ఒక్కరికీ వారి మార్కులు తెలియాలి.

అందరికీ ఆరు విభాగాల అంకెలు, రెండో రౌండుకు వచ్చిన 15 మందికి మూడేసి వాక్యాలు. "కిక్ తోక వెర్స్‌లో పొడుగైంది, 0:48 దగ్గర వినండి" అన్నంత స్పష్టంగా ఉంటే చాలు. వైజాగ్‌లోనో వరంగల్‌లోనో పక్కన అడగడానికి ఇంకో మెటల్ మిక్సర్ లేనివాడికి బహుమతి ఓచర్‌కన్నా ఆ వాక్యమే ఎక్కువ పనికొస్తుంది.

లౌడ్‌నెస్ కొలత, నంబర్లు వేయడం, క్లిప్పులు కత్తిరించడం భారమనిపిస్తే ఆ పోటీలో పాల్గొనని మాలో ఇద్దరు డబ్బు తీసుకోకుండా చేసిపెడతారు. ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంచుకోండి, మేమే వచ్చి కూర్చుంటాం. తర్వాతి ట్రాక్‌లు విడుదలయ్యే రోజుకు పైన ఉన్న తొమ్మిదింటిలో ఏవి ఒప్పుకున్నారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో నిబంధనల్లో రాసి పెట్టండి. 1, 4, 5 అంశాలపై మాట రాకపోతే ఆ పోటీకి మేం ఎంట్రీలు పంపం, ఎందుకు పంపడం లేదో అడిగినవారికి ఈ లేఖ చూపిస్తాం.

ఇట్లు,
హెవీ మ్యూజిక్ మిక్స్ చేసే కొందరు తెలుగువాళ్లం